సరంగుగారి గురించి మీరడిగినవి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గోదావరి మీద సరంగుగా లాంచీలు నడిపి, 2024 కార్తీకంలో ఎనభయ్యో ఏట కన్నుమూసిన తన భర్త గురించి ముక్తేశ్వరం దగ్గర లంక గ్రామం నుంచి ఒక గృహిణి రాసిన జ్ఞాపకాన్ని కిందటి సంచికలో వేశాం. దాని మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఆమే జవాబులు రాశారు. మాటలు ఆమెవే, మేం దిద్దలేదు.

వ్యాసమంతా "ఆయన" అనో "సరంగుగారు" అనో రాశారు. ఒక్కచోటా పేరు లేదు. ఎందుకని? – కాకినాడ

మా పెళ్ళి 1967లో. అప్పట్లో మా లంకల్లో పెళ్ళాం నోట మొగుడి పేరొస్తే ఆయనకి ఆయుష్షు తగ్గుతుందనేవారు. జనాభా లెక్కలవాళ్ళొస్తే పక్కింటి పిల్లాణ్ణి పిలిచి చెప్పించేదాన్ని. రేషను కార్డులో ఆయన పేరు తప్పు పడితే ఏళ్ళ తరబడి అలాగే ఉంచేశాం. సరిచేయించాలంటే నేను వెళ్ళాలి, వెళితే పేరు చెప్పాలి. ఆయనకి చెబితే "బియ్యం ఇస్తున్నారా లేదా?" అనేవారు. ఇప్పుడు చెప్పినా తగ్గడానికి ఆయుష్షు లేదు గానీ, నాలిక తిరగదు. పోస్టుమాన్ కూడా కవరు మీద పేరు చూడకుండా సరంగుగారిల్లని తెచ్చి ఇచ్చేవాడు. మీరూ అలాగే అనుకోండి.

ఇంకో మాట. పెళ్ళినాటికి ఆయన సరంగు కాదు, కళాసీ. సంబంధం తెచ్చినాయన మా నాన్నతో సరంగనే చెప్పాడు. రెండేళ్ళకి నిజంగానే సరంగయ్యారు కాబట్టి ఆ పెద్దమనిషి బతికిపోయాడు.

మా పిల్లలకి సరంగు అంటే తెలియదు. లాంచీలో ఆయన పని ఏమిటో కాస్త వివరంగా రాస్తారా? – రాజమండ్రి

రాజమండ్రి వాళ్ళే ఈ మాట అడిగితే ఎలాగండీ.

లాంచీలో చుక్కాని పట్టేది సరంగు. ఇంజను దగ్గరుండేవాడు డ్రైవరు. వాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు కనపడరు. ముందుకా వెనక్కా, జోరా నెమ్మదా అన్నది సరంగు పైనుంచి గంట కొట్టి చెబుతాడు, ఆ గంటని బట్టి కింద డ్రైవరు ఇంజను తిప్పుతాడు. ముందు భాగంలో గెడ పట్టుకుని లోతు చూసి కేకేసేవాడు కళాసీ. టిక్కెట్లు కొట్టేందుకు గుమాస్తా ఉంటాడు. మా ఆయన పద్దెనిమిదో ఏట గెడ పట్టుకుని ఎక్కారు, పాతికేళ్ళకి చుక్కాని దగ్గరికి చేరారు.

రాజమండ్రిలో బయల్దేరితే పోలవరం, దేవీపట్నం, పేరంటాలపల్లి, కూనవరం మీదుగా భద్రాచలం. ఆ కొండల్లో ఊళ్ళకి అప్పట్లో రోడ్డు లేదు. ఉప్పు, బియ్యం, కిరసనాయిలు, బళ్ళో పంతుళ్ళు, పురిటికి పుట్టింటికెళ్ళే ఆడవాళ్ళు, పెళ్ళివారు, వాళ్ళ మేళం, అందరికీ లాంచీయే. కిందికొచ్చేటప్పుడు చింతపండు, కుంకుళ్ళు, మేకలు. ఆ మేకల వాసన ఆయన చొక్కాకి పట్టి రెండు ఉతుకులకి గానీ పోయేది కాదు.

పాపికొండల దగ్గర నడపడం కష్టమని అందరూ అనుకుంటారు. ఆయన మాట వేరు. అక్కడ గోదారి ఇరుకు, లోతు ఎక్కువ, సుడులుంటాయి, నిజమే. కానీ రాళ్ళు కదలవు. ఏ మలుపులో నీళ్ళు ఎటు తిరుగుతాయో ఒకసారి ఒంటపడితే ఏడాదికేడాది పెద్ద తేడా ఉండదు. ఆయన్ని హడలగొట్టింది పోలవరానికి దిగువన ఉన్న వెడల్పు గోదారి. అక్కడంతా ఇసుక. నిన్న లాంచీ నడిచిన దారిలో ఇవాళ మేట పడుతుంది. నీళ్ళు నున్నగా జారుతుంటే లోతు, చిన్న ముడతలు పడి గలగలమంటుంటే కింద ఇసుక ఉన్నట్టు. అది మబ్బు పట్టినా, ఎండ కళ్ళల్లో పడినా తెలియదు, అప్పుడు గెడే దిక్కు. వేసంకాలంలో లాంచీ మేటెక్కి కూర్చుంటే మగాళ్ళంతా పంచెలు ఎగ్గట్టి దిగి తోసేవారు. ఒకసారి ఒక జడ్జిగారు కూడా దిగి తోశారనీ, తోస్తూ "ఇది ఏ సెక్షను కింద?" అన్నారనీ చెప్పేవారు. ఈ కథలో ఆయన కలిపింది ఎంతో నేను హామీ ఇవ్వలేను.

1974లో రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డు, రైలు వంతెన వచ్చింది. తరవాత తరవాత కొండల్లోకీ బస్సులెళ్ళాయి. లాంచీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పోలవరం కాఫర్ డ్యాం కట్టాక వరదొస్తే దేవీపట్నం మునగడం టీవీలో చూపించినప్పుడు ఆయన సౌండు తగ్గించి, ఏ గుడి ఎక్కడుండేదో, టీ ఎక్కడ తాగేవారో పిల్లలకి తెర మీద వేలు పెట్టి చూపించారు. అక్కడంతా నీళ్ళే కనిపిస్తున్నాయి. పిల్లలు మాత్రం బుద్ధిగా తలూపారు.

ఆయన్ని చూసి మీకు భయం వేసేదా, కోపం వచ్చేదా? నిజం చెప్పండి. – భీమవరం

కోపమే ఎక్కువ.

లాంచీలు మూలపడుతున్న రోజుల్లో ఓ సాయంత్రం వచ్చి, పీట మీద కూర్చుని, నా చంద్రహారం అడిగారు. పాత లాంచీ ఒకటి అమ్మకానికొచ్చిందట, ఇంజనులో ఇద్దరికి వాటా అట. ఊరంతా రోడ్డెక్కుతుంటే ఈయన లాంచీ కొంటానంటారు. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ ఇంజను కొనమని ఎవరన్నారండీ? ఇవ్వనన్నాను. మూడ్రోజులు మాట్లాడుకోలేదు. నాలుగోనాడు నేనే తీసి ఇచ్చాను, ఎందుకిచ్చానని అడక్కండి. ఆ లాంచీ ఒక్క సీజను తిరిగింది. తరవాత ఇంజను చేతులెత్తేసింది. దాని కొయ్య కోటిపల్లి రేవు పక్కన బురదలో చాలాకాలం ఉంది, పిల్లలు ఎక్కి ఆడుకునేవారు. హారాన్ని కొబ్బరి డబ్బులు కూడబెట్టి విడిపించింది నేను. పెద్ద కోడలికి పెట్టాను. దాన్ని మెళ్ళో చూసినప్పుడల్లా ఆయన "నా లాంచీ కనిపిస్తోంది" అనేవారు, సిగ్గు లేకుండా.

ఇక రాజ్‌దూత్ మోటారు సైకిలు ఉంది. అడవి దారిన దాని మీద భద్రాచలం వెళ్ళొస్తానని బయల్దేరి, మారేడుమిల్లి ఘాట్‌లో చెయిను తెగి, లారీ మీద బండిని ఎక్కించుకుని వచ్చారు. వాళ్ళ అమ్మమ్మగారి ఊరు గంగలకుర్రు. కనుమనాడు అక్కడి ప్రభ, అంటే దేవుణ్ణి పెట్టి మోసే పెద్ద అలంకారం, జగ్గన్నతోట తీర్థానికి కౌశిక ఏరు దాటాలి, పీకలోతు నీళ్ళల్లో భుజాల మీద మోసుకెళతారు. డెబ్భై నిండాక కూడా భుజం పెడతానని వెళ్ళారు. ఆ ఏడు కుర్రాళ్ళే బతిమాలి గట్టు మీద కూర్చోబెట్టారట. మాకు మాత్రం మోశాననే చెప్పారు, ఒంటి మీద పంచె పొడిగా ఉంది!

ఈ తిరుగుడు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే వాళ్ళ తాత నుంచి. ఆయన కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళి, 1942లో అక్కణ్ణుంచి నడిచొచ్చినవాడు.

భయం సంగతికొస్తే, వెళ్ళినప్పుడు ఎప్పుడూ వేయలేదు. రావలసిన వేళ దాటితే వేసేది. రాత్రి కోటిపల్లి నుంచి జనాన్ని ఏరు దాటించే ఆఖరి పంటు ఇంజను శబ్దం మా ఇంటికి వినపడుతుంది. అది ఆగాక పావుగంటకి దడి తలుపు చప్పుడవ్వాలి. అవ్వని రాత్రుళ్ళు నేను చేసిన పనల్లా గిన్నెలు తోమడం. తోమినవే మళ్ళీ తోమేదాన్ని. మా అత్తగారు మంచం మీంచి "కళాయి పోతుందే" అనేది.

1986 వరదల్లో మా అమ్మమ్మావాళ్ళని లంకలోంచి పడవ మీద తెచ్చింది సరంగుగారేనని మా ఇంట్లో చెప్పుకుంటారు. మీరు దాని గురించి నాలుగు ముక్కలే రాశారు. – ముమ్మిడివరం

నాలుగు ముక్కలు రాసింది, ఆయన కూడా అంతకంటే చెప్పేవారు కాదు కాబట్టి. ఇందులో సగం ఆ పడవలో ఉన్న కుర్రాళ్ళు చెప్పింది, సగం నేను గట్టు మీద నుంచి చూసింది.

ఆగస్టు నెల. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఏడు 75 అడుగులు దాటింది. అక్కడి నీళ్ళు మా మీదికి రావడానికి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఆయన ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. ఏటిగట్టు లోపల నీటి అంచున పుల్ల పాతేవారు. అది మునగ్గానే ఇంకోటి. రెండు పుల్లలకీ మధ్య ఎంతసేపు పట్టిందో చూసి, "రాత్రికి లంకలో ఇళ్ళు ఉండవు" అన్నారు. కొందరు నమ్మి వచ్చేశారు. 1953 వరద చూసిన ముసలివాళ్ళు నమ్మలేదు. అప్పుడు మా అరుగు ఎక్కలేదు కాబట్టి ఇప్పుడూ ఎక్కదని వాళ్ళ లెక్క. ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అరుగు కాదు, చూరు ఎక్కింది.

నాటు పడవ, మా ఆయన, నలుగురు కుర్రాళ్ళు. కుర్రాళ్ళు ఎదురుగా కనపడే ఇంటివైపు నేరుగా పడవ వదులుదామన్నారు. అలా వదిలితే ఆ ఇంటికి మైలు దిగువన తేలతారు. ఆయన పడవకి తాడు కట్టించి, గట్టు వెంట ఎగువకి లాగించుకుంటూ చాలా దూరం తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి వదిలి, ప్రవాహానికి ఏటవాలుగా తెడ్డేసుకుంటూ ఆ ఇంటి మీదికి దిగారు. ఇంటికి పడవని కట్టలేదు, తాడు చేత్తోనే పట్టించారు. నీళ్ళల్లో నానిన మట్టిగోడ ఎప్పుడు కూలుతుందో తెలియదు, కూలితే కట్టిన పడవని కూడా లాక్కుపోతుంది. మునిగిన కొబ్బరిచెట్ల మొవ్వుల దగ్గరికి పోనివ్వలేదు, పాములన్నీ అక్కడే చేరాయి. ఎక్కినవాళ్ళందర్నీ పడవ అడుగున కూర్చోబెట్టారు. నిలబడితే నెత్తి మీద తెడ్డుతో ఒకటిచ్చేవారట. నీటికీ పడవ అంచుకీ మధ్య జానెడు పొడి ఉండాలి, అది తగ్గితే ఇంకొకరు ఎక్కడానికి లేదు, ఎవరు ఏడ్చినా సరే. పశువుల్ని తేలేం కదా, పలుపులు కోసెయ్యమనేవారు. కట్టు విప్పితే గేదె దానంతటదే ఈదుకుని ఏదో గట్టు పట్టుకుంటుంది, కట్టేసి ఉంటే అక్కడే పోతుంది. పలుపు కొయ్యడానికి చాలామందికి చేతులు రాలేదు. ఆయనే కోశారు.

ఒక ముసలావిడ మరచెంబు లేందే రానంది. ఆ మరచెంబు అటక మీద ఉంది, అటక నీళ్ళల్లో ఉంది. ఒక కుర్రాడు మునిగి తెచ్చాడు. ఇంత వరదలో మరచెంబేమిటని మా ఆయన తిడతారనుకున్నారందరూ. తిట్టలేదు. "త్వరగా తేరా" అన్నారంతే. గట్టెక్కాక మూత తిప్పితే అందులో పుస్తెలూ, ఇంటి పట్టా కాగితమూ ఉన్నాయి, పొడిగా.

మీ అమ్మమ్మగారు ఆ పడవలో ఉన్నారా అంటే, ఉండే ఉంటారమ్మా. ఆయన పేర్లు అడగలేదు, తలకాయలు లెక్కెట్టేవారు. తరవాత ప్రశంసాపత్రాలిస్తామని ఒక ఆఫీసువాళ్ళు జాబితా రాసుకెళ్ళారు. వచ్చిన జాబితాలో ఆయన పేరు లేదు, ఆ వారమంతా ఊళ్ళో లేని పెద్దమనుషుల పేర్లున్నాయి. ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు, ఆ పెద్దమనుషుల ఇళ్ళల్లో పేరంటానికి చాలా ఏళ్ళు వెళ్ళలేదు.

పెళ్ళాం పిల్లలుండగా ఇలా ప్రాణాలకి తెగించడం బాధ్యత లేకపోవడం కాదా? దీన్ని గొప్పగా రాయడం సరైనదేనా? – విజయవాడ

మీరు కోపంగా అడిగినా నాకు నచ్చిన ప్రశ్న ఇదే. పోయినవాళ్ళ గురించి చెప్పేటప్పుడు అందరూ దాటిన ఏర్లే చెబుతారు. వెనక్కి తిప్పిన పడవల సంగతి ఎవరూ చెప్పరు. ఆయన తిప్పినవీ బోలెడు.

లాంచీలు పోయాక కొన్నాళ్ళు రేవులో పంటు నడిపారు. పంటు అంటే రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచింది. ఓ శివరాత్రికి కోటిపల్లి సోమేశ్వరుడి గుడికి జనం విరగబడ్డారు. పంటు మీద నిలబడ్డానికి చోటు లేదు, ఇంకా ఎక్కుతున్నారు. రేవు వేలం పాడుకున్నాయన ఎక్కించమంటున్నాడు. మా ఆయన ఇంజను ఆపేసి, కిందికి దిగి, గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. "సగం మంది దిగితే వస్తా" అన్నారు. పండగపూట తిట్టించుకోవాల్సిన తిట్లన్నీ తిట్టించుకున్నారు. మా పెద్దాడు అక్కడే ఉన్నాడు, సిగ్గుతో చచ్చిపోయానని ఇప్పటికీ అంటాడు. గంట గడిచింది. సగం మంది దిగారు. ఆ రోజు కూలి ఆయనకి ముట్టలేదు.

1996 నవంబరు 6. యానాం సరుకేసుకుని పొద్దున్నే వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి సరుకుతో సహా వెనక్కొచ్చేశారు. గాలి తీరు బాలేదన్నారు. పడవని నదిలో ఉంచకుండా కాలవలోకి లాగించి కట్టేశారు. పెంకుటింట్లో పడుకోవద్దని మమ్మల్ని, చుట్టుపక్కల వాళ్ళని బడి డాబాలోకి తరిమారు. ఆ రాత్రి తుపాను కోనసీమని ఏం చేసిందో మీ అందరికీ తెలుసు. తెల్లారి చూస్తే మా దొడ్లో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు. మా ఇంటి దూలం నేను రోజూ పడుకునే చోట పడి ఉంది. సముద్రం ఒడ్డున బలుసుతిప్ప, భైరవపాలెం వైపు జాలర్లు ఎంతోమంది పోయారు. నీళ్ళు తీశాక బియ్యం, అగ్గిపెట్టెలు, మంచినీళ్ళ డ్రమ్ములు వేసుకుని బలుసుతిప్ప వెళ్ళొచ్చి, రెండ్రోజులు అన్నం ముట్టలేదు. అక్కడ చూసింది నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

తెగించే మనిషైతే మీరన్నట్టు నేనూ గొప్పగా రాసేదాన్ని కాదండీ. ఆయన లెక్క చూసుకుని దిగే మనిషి. ఆ ఇంజను విషయంలో తప్ప!

తండ్రిగా ఎలా ఉండేవారు? ఇంటిపట్టున లేని తండ్రి మీద పిల్లలకి కోపం ఉండదా? – హైదరాబాదు

ఒక్కో పిల్లకి ఒక్కో తండ్రండీ.

అమ్మాయికి ఆయన నెచ్చెలి. 1995 జనవరిలో పాశర్లపూడి చమురుబావిలో బ్లోఅవుట్ అయింది కదా, రెండు నెలల పైన మండింది. మా ఊరికి రాత్రుళ్ళు ఆ వైపు ఆకాశం ఎర్రగా కనిపించేది. జనం అటునుంచి ఇటు పారిపోయొస్తుంటే ఈయన అమ్మాయిని బండెక్కించుకుని ఇటునుంచి అటు వెళ్ళారు. పోలీసులు ఆపిన చోటునుంచే చూసొచ్చారు. అంత మంటని నీళ్ళతో ఎలా ఆర్పుతారని ఇది అడిగిందట. నీళ్ళు చల్లేది చుట్టూ చల్లబడ్డానికి, అసలు పని కింద గ్యాసు వచ్చే నోరు మూయడమని అక్కడున్నవాళ్ళని అడిగి మరీ చెప్పారట. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది. ఆ మంట దగ్గరే మొదలైందంటుంది. దానికి చుక్కాని పట్టడం కూడా నేర్పారు. ఆడపిల్లకి పడవేమిటని ఊళ్ళో అంటే, "పడవకి తెలియదు లెండి" అన్నారు. తరవాత హైదరాబాదులో ఔటర్ మీద అది కారు నడుపుతుంటే పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నది ఈయనే.

పెద్దాడికి నీళ్ళు పడవు. చిన్నప్పుడు లాంచీ ఎక్కితే దిగేదాకా వాంతులు. "వీడు గట్టు మనిషి" అనేవారు పదిమందిలో. వాడికి అది గుచ్చుకుంది, ఇంకా ఉంది, నేను లేదనను. బ్యాంకులో చేరాడు, తండ్రితో అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు. చివరి రెండేళ్ళూ కాకినాడ ఆసుపత్రి చుట్టూ తిప్పింది మాత్రం వాడే. మా ఆయనకి సూదన్నా భయమే, లిఫ్టన్నా భయమే. తలుపులు మూసుకునే పెట్టెలో నిలబడాలంటే కాళ్ళు వణికేవి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని వాడు మెట్ల మీదుగా మూడో అంతస్తుకి, ప్రతి మెట్టు మలుపులో కుర్చీ వేయించి, ఎక్కించేవాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు. తండ్రికి వాడు తిరిగి అనగలిగిన మాటలు చాలా ఉన్నాయి, అనలేదు.

చిన్నాడు డల్లాసులో ఉంటాడు. వాడికి తండ్రి ఏంచేసినా ముద్దే. దూరం నుంచి అలాగే ఉంటుంది.

మా తాతయ్య నన్ను కాలవలో ఈతకి పంపడం లేదు. సరంగు తాతయ్య మనవల్ని పంపేవారా? – ఏడో తరగతి, తణుకు

పంపేవారు కాదు నాన్నా, తీసుకెళ్ళేవారు. అది వేరు, ఇది వేరు.

రెండు ఎండు కొబ్బరికాయలు, పీచు ఒలవకుండా తాడుతో జోడించి నడుముకి ఒకటి అటు, ఒకటి ఇటు వచ్చేలా కట్టేవారు. అవి తేలతాయి, నువ్వూ తేలతావు. కాళ్ళు ఆడించడం వచ్చాక ఒక కాయ తీసేసేవారు. ఇంకో కాయ తీసేది ఆయనే, మీ అంతట మీరు కాదు. లాకుల దగ్గరా, తూముల దగ్గరా దిగకూడదు, పైకి నిదానంగా కనిపించినా కింద లాగేస్తుంది. వరద ఎర్రనీళ్ళు వచ్చాక ఏట్లో పాదం పెట్టకూడదు. ఒంటరిగా ఎప్పుడూ కూడదు. అమెరికా మనవడు 2015 పుష్కరాలకి వచ్చినప్పుడు లైఫ్ జాకెట్ తెచ్చుకున్నాడు. ఇక్కడి పిల్లలు వాణ్ణి చూసి నవ్వారు. ఈయన నవ్వినవాళ్ళందర్నీ గట్టెక్కించి, జాకెట్ ఉన్న ఒక్కడినే పడవెక్కించారు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు ఆయన ఆ రోజంతా టీవీ ముందునుంచి లేవలేదు. ఆ మలుపు ఆయనకి తెలుసు. కాకినాడ నుంచి వెళ్ళిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న ఆ బోటుని పైకి తీసినప్పుడు చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఆ రోజునుంచి ఫోనులో మనవలతో మాట్లాడితే మొదటి మాట జాకెట్టే, ఎండాకాలమైనా సరే.

2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటినప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి మళ్ళీ ఏటిగట్టెక్కి పుల్లలు పాతారు. మనవడు పక్కన నిలబడి ఫోనులో అమెరికా వాళ్ళకి చూపించాడు. వాళ్ళు అక్కణ్ణుంచి నెట్‌లో చూసి ధవళేశ్వరం లెక్కలు చెబుతుంటే, ఈయన ఇక్కడ పుల్ల చూపించి "నాది ముందు చెప్పింది" అనేవారు.

మీ తాతయ్యకి ఈత వస్తే ఆయన్ని కూడా దిగమను. రాకపోతే ఆయన మాట విను.

గౌతమి పులసే గొప్పదని రాశారు. మా వశిష్ఠ పులస తినకుండా ఎలా రాశారు? – నరసాపురం

తిన్నానండీ, బాగుంది. ఏ పాయలోది అని చేప ముఖాన రాసి ఉండదు గానీ, ఎర్రనీటికి ఎదురీది సముద్రానికి ఎంత దూరం వచ్చిందన్నదే రుచి. ధవళేశ్వరం దాకా వచ్చిన దానికి ఉప్పంతా పోతుంది. వండేది మాత్రం మట్టి దాకలో, ముందురోజు రాత్రి, బెండకాయలు ముక్కలు కొయ్యకుండా వేసి. దించాక ఎవరూ మూత తియ్యకూడదు. మా ఇంట్లో ఆయన తీసేవారు.

నది మీద బతికిన మనిషి ఎలా వెళ్ళిపోయారు? అస్థికలు ఎక్కడ కలిపారు? – రావులపాలెం

నిద్రలో, మధ్యాహ్నం, మంచం మీద. గుండె. ఊళ్ళో అందరూ నీళ్ళల్లోనే పోతాడని ఖాయం చేసి ఉంచారు. అస్థికలు అంతర్వేదిలో సాగర సంగమం దగ్గర అని చిన్నాడు, కోటిపల్లిలో అని పెద్దాడు. పెద్దాడి మాటే నెగ్గింది. ఎక్కడ కలిపినా కిందికే కదా పోయేది, ఆయనకి దారి ఒకరు చెప్పాలా.

ఇన్నేళ్ళు సరంగుగారితో కాపరం చేశారు. మీకు ఈత వచ్చా? – అమలాపురం

రాదు. నేర్పుతానని చాలాసార్లు అన్నారు. నేనే వద్దన్నాను. ఈతొస్తే నన్నూ ఎక్కించుకుని పోయేవారు, పిల్లలకి అన్నం ఎవరు పెడతారు?

1973లో శ్రీరామనవమికి మా నాన్నతో కలిసి రాజమండ్రి నుంచి భద్రాచలం లాంచీలో వెళ్ళాను. చీకటిపడ్డాక లాంచీ మేటెక్కింది. సరంగు మా నాన్నకి బీడీ ఇచ్చి "తెల్లారితే గానీ కదపను, పడుకోండి" అన్నాడు. సన్నగా ఉన్నాడు, చెవికి పోగు. ఆయనేనా? – ఏలూరు

పోగు ఉంది. బీడీ ఉంది. సన్నం కూడా, ఆ ఒళ్ళు చివరిదాకా అంతే. చీకట్లో మేట మీంచి లాంచీ కదపకపోవడం ఆయన పద్ధతే. ఆయనే అయ్యుంటారు. ఆ బీడీ కట్ట నేను దాచేస్తే వెతుక్కుని పట్టుకెళ్ళింది కూడా అయ్యుంటుంది.

మీ ఉత్తరం మా పెద్దాడి చేత రెండుసార్లు చదివించుకున్నాను. మిమ్మల్నీ, మీలాంటి మిగతావాళ్ళనీ ఒకటి అడగాలి. మా ఇంట్లో ఆయన ఫొటోలన్నీ పెళ్ళిళ్ళలో తీసినవి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బిగుసుకుపోయి నిలబడినవి. చుక్కాని పట్టుకున్నది ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో లాంచీ మీద కెమెరా తెచ్చుకున్న యాత్రికులు ఉండేవారు. మీ ఇళ్ళల్లో పాత ఆల్బములు ఉంటే, లాంచీ మీద తీసిన ఫొటో ఏదైనా ఉంటే, వెనకాల ఎక్కడో చిన్నగా కనిపించినా చాలు, ఈ పత్రిక ఆఫీసుకి పంపండి. మా మనవడు కాపీ తీసుకుని అసలుది తిప్పి పంపుతాడు. పోస్టు ఖర్చులు మావే.